గుండె, హృదయం, దోహదం

గత వేసవిలో మా పెద్దమ్మాయికి పదహారేళ్ళు నిండాయి. అమెరికాలో పెరిగే పిల్లలకు ఆ వయసు అంటే కారు తాళాల కోసం చేయి చాచే వయసు. లైసెన్సు దరఖాస్తులో పేరు, ఎత్తు, కళ్ళ రంగు అడిగిన తరువాత ఒక చిన్న గడి ఉంటుంది. మరణానంతరం మీ అవయవాలను ఇతరులకు ఇవ్వడానికి సమ్మతమేనా అని అక్కడ ప్రశ్న. మా అమ్మాయి కళ్ళ రంగు రాసినంత తేలికగా ఆ గడిలోనూ గీత పెట్టింది. ఆ రాత్రి భోజనాల దగ్గర మాటల మధ్య ఆ సంగతి చెప్పింది.

రాజమహేంద్రవరం నుంచి వేసవికి వచ్చిన పిల్లల అమ్మమ్మగారు కలుపుతున్న అన్నం ఆపి, "గుండె కూడానా?" అని అడిగారు.

"గుండె కూడా, అమ్మమ్మా. అది ఒట్టి పంపే కదా!"

"రాత్రీ పగలూ ఇక్కడ కొట్టుకునేదాన్ని పట్టుకుని పంపంటావేమిటే, తల్లీ?"

ఆ మాట అక్కడితో ఆగింది. కానీ మా ఇంట్లో అది కొత్తగా పుట్టిన మాట కాదని మా ఇద్దరికీ తెలుసు. తొమ్మిదేళ్ళ క్రితం పిల్లల తాతగారికి మెదడులో రక్తనాళం చిట్లింది. మేము విమానం దిగి ఆసుపత్రికి చేరేసరికి ఆయన యంత్రం సాయంతో ఊపిరి తీస్తున్నారు. మూడో నాటి ఉదయం వైద్యులు పిలిచి, "మెదడు చచ్చిపోయింది, గుండె మాత్రం కొట్టుకుంటోంది" అన్నారు. ఆ వెనుకనే ఒక యువతి వచ్చి, కాలేయం, మూత్రపిండాలు ఇవ్వగలరా అని మర్యాదగానే అడిగింది. అమ్మమ్మగారు ఆయన ఛాతీ మీద అరచేయి ఆనించి, "కొట్టుకుంటోందిగా!" అన్నారు. దానికి ఎవరి దగ్గరా సమాధానం లేకపోయింది. మేమూ నోరు మెదపలేదు. మరునాటికి ఆ గుండె దానంతట అదే ఆగింది.

లైసెన్సు ముచ్చట జరిగిన రాత్రి పిల్లలు పడుకున్నాక ఆవిడ మా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. "పిల్ల చెప్పింది నిజమైతే, ఆవేళ నేను ఇద్దరు ముగ్గురి ప్రాణాలు కాదన్నట్టేగా? నేను అన్నది నిజమైతే, పిల్ల సంతకం పెట్టింది దేనికి?" అన్నారు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు మేము వెతుక్కున్న జవాబు. జవాబు అనడం కన్నా, జవాబు కోసం తిరిగిన దారి అనడం సబబు. ఆ దారి నిఘంటువుల మీదుగా పోయింది. ఎందుకంటే ఆ ఇద్దరూ ఒకే మాట పట్టుకుని రెండు వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నారని మాకు తోచింది.

మనకు గుండె ఉంది, హృదయమూ ఉంది. మొదటిది తెలుగు, రెండవది సంస్కృతం. అర్థం ఒకటేనని బడిలో చెప్పుకున్నాం. వాడుకలో అవి ఒకటి కావు. గుండెజబ్బు అంటాం గానీ హృదయజబ్బు అనం. హృదయపూర్వక అభినందనలు అంటాం గానీ వాటిని గుండెపూర్వకం చేయం. "వాడికి గుండె ఉంది" అంటే ధైర్యవంతుడని. "వాడికి హృదయం ఉంది" అంటే దయగలవాడని. ఎంతకైనా తెగించిన మనిషిని గుండెలు తీసిన బంటు అంటాం. ఆ మాట పుట్టించిన వారు గుండె మార్పిడి చేసే వైద్యుణ్ణి ఊహించి ఉండరు గానీ, ఆయనకు అది అతికినట్టు సరిపోతుంది. అమ్మ ప్రేమను మాత్రం మన భాష ఈ రెండింటిలోనూ పెట్టలేదు. అది కడుపుతీపి, దుఃఖం వస్తే తరుక్కుపోయేదీ కడుపే.

గుండె అనేది అచ్చంగా మన దక్షిణాది మాట. కన్నడంలో దీని తోబుట్టువు గుండిగె. అక్కడా అర్థం గుండే. అదే మూలానికి చెందిన తమిళపు కుండిక్కాయ్ మాత్రం మూత్రపిండాన్ని చెబుతుంది. ఒకే మాట ఒక ఊళ్ళో రొమ్ము లోపలి వస్తువై, పొరుగూళ్ళో నడుము వెనుక వస్తువైందంటే, ఆ మాటను మొదట వాడినవారు అందులో ఆత్మను చూడలేదనీ, దేహంలో చేతికి తగిలే ఒక ముద్దను మాత్రమే చూశారనీ మా ఊహ. మనవాళ్ళు దానికి కాయ అనే మాట కూడా చేర్చి గుండెకాయ అన్నారు. తలకాయ లాగానే అదీ దేహమనే చెట్టుకు కాసిన కాయ. కాయను తొడిమ దగ్గర కోయవచ్చు. ఆ లెక్కన మా అమ్మాయి పక్షాన తెలుగు మాటే నిలిచింది.

హృదయం దారి వేరు. సంస్కృతంలోని హృద్, గ్రీకుల కార్డియా, లాటినుల కోర్, ఇక్కడ పిల్లలు రోజూ పలికే హార్ట్, నాలుగూ ఒక తల్లి బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. కార్డియాలజిస్టు అన్నా హృద్రోగ నిపుణుడు అన్నా మూలం ఒకటే. వినడానికి ముచ్చటైన సంగతే గానీ, దానితో అమ్మమ్మగారి ప్రశ్న తీరదు. ఆమెకు కావలసింది ఉపనిషత్తుల్లో ఉంది. ఛాందోగ్యోపనిషత్తు హృదయమనే మాటను హృది, అయమ్ అని రెండుగా విడదీస్తుంది. హృది అంటే గుండెలో, అయమ్ అంటే ఇతడు. ఆత్మ ఇక్కడ ఉన్నాడు గనుక దీనికి ఆ పేరు అని దాని వివరణ. బృహదారణ్యకం అదే మాటను హృ, ద, యమ్ అని మూడు అక్షరాలుగా విడదీసి, తెచ్చేది, ఇచ్చేది, వెళ్ళేది అని అర్థం చెబుతుంది. రక్తాన్ని తెచ్చుకుని, ఇచ్చి, పంపించే అవయవానికి ఈ మూడక్షరాలు ఎంత బాగా కుదిరాయో అని ఈ మధ్య చాలామంది ఉపన్యాసకులు మురిసిపోతుంటారు. మేము అంత దూరం వెళ్ళం. రక్తం గుండె నుంచి బయలుదేరి తిరిగి గుండెకే చేరుతుందని విలియం హార్వే 1628లో ప్రకటించిన పుస్తకంలో వాదించి చూపాడు. ఉపనిషత్తు అడిగిన ప్రశ్న అది కాదు. వ్యాకరణం తెలియక ఋషులు మాటను అలా విడదీయలేదు; ఆ మాటను ధ్యానించడానికి ఒక ఆసనంగా మలచుకున్నారు. ఛాందోగ్యం చెప్పే హృదయంలో ఒక చిన్న తామర ఉంది; ఆ తామరలో చిన్న ఆకాశం, ఆ ఆకాశంలో భూమీ స్వర్గమూ సూర్యచంద్రులూ ఇమిడి ఉన్నారు. శస్త్రచికిత్స బల్ల మీద ఆ తామర ఎవరికీ కనబడదు. కనబడదని ఆ ఋషులకు మాత్రం తెలియదా!

అయితే మన వైద్యులు ఆ తామరను ఒంట్లోనే చూశారు. సుశ్రుతసంహిత ప్రకారం గుండె తలకిందులైన తామరమొగ్గ వంటిది. మెలకువలో విచ్చుకుంటుంది, నిద్రలో ముడుచుకుంటుంది. చైతన్యానికి అదే స్థానమని సుశ్రుతుడూ చరకుడూ భావించారు. భేలసంహిత ఒక్కటి మనస్సును తలకూ అంగిలికీ నడుమ ఉంచింది. ఇలాంటి తగవే గ్రీసులోనూ నడిచింది. హిప్పొక్రాటిస్ సంప్రదాయం మెదడు వైపు, అరిస్టాటిల్ గుండె వైపు నిలిచారు. కనుక ఈ వివాదాన్ని పాతకాలపు తూర్పుకూ కొత్తకాలపు పడమరకూ మధ్య పోరుగా పిల్లలకు చెప్పడం సరికాదు. రెండు వైపులా రెండు పక్షాలూ ఉన్నాయి.

ఇప్పుడు అమ్మమ్మగారి అరచేతి దగ్గరకు వద్దాం. ఛాందోగ్యం ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకు మరణం ఎలా వస్తుందో చెబుతాడు. జబ్బుపడి పోబోతున్న మనిషి చుట్టూ బంధువులు కూర్చుని, నన్ను గుర్తుపట్టావా, నన్ను గుర్తుపట్టావా అని అడుగుతూ ఉంటారు. వాక్కు మనస్సులోను, మనస్సు ప్రాణంలోను, ప్రాణం తేజస్సులోను, తేజస్సు పరదేవతలోను కలిసేవరకు అతడు గుర్తుపడతాడు; ఆ తరువాత గుర్తుపట్టడు. తొమ్మిదేళ్ళ క్రితం ఆ గదిలో మేము చేసిన పని అదే. ఒకరి తరువాత ఒకరం వంగి, మేము వచ్చామని చెబుతూ, కళ్ళు ఒక్కసారి తెరవమని అడుగుతూ నిలబడ్డాం. ఉపనిషత్తు చెప్పిన వరుసను బట్టి చూస్తే మనస్సు ముందు పోతుంది, ప్రాణం తరువాత, ఒంటి వెచ్చదనమైన తేజస్సు ఆ తరువాత. మనస్సు పోయి వెచ్చదనం మిగిలిన ఘడియ ఒకటి ఉంటుందన్నమాట. ఆ ఘడియలోని మనిషిని చనిపోయినవాడు అనాలా వద్దా? శాస్త్రాలన్నీ అవయవదానాన్ని సమర్థిస్తున్నాయని కొందరు పెద్దలు చెప్పే మాట వినడానికి బాగుంటుంది గానీ, ఈ పుటను చదివితే అమ్మమ్మగారి చేయి అన్నదీ శాస్త్రానికి దూరం కాదని ఒప్పుకోవాలి.

కానీ అదే పుటలో ప్రాణం అనే మాట ఉంది. దాని ధాతువు అన్, అంటే ఊపిరి తీయడం. ప్రాణం, అపానం, వ్యానం అన్నిట్లో ఉన్నది అదే. మాట మూలాన్ని బట్టి ప్రాణం పోవడం అంటే ఊపిరి పోవడం, గుండె ఆగడం కాదు. మెదడు మరణించిందని తేల్చే ముందు వైద్యులు చేసే పరీక్షల్లో ఒకటి సరిగ్గా దీన్నే అడుగుతుంది. యంత్రాన్ని కొన్ని నిమిషాల పాటు ఆపి, రక్తంలో కర్బన వాయువును పెరగనిస్తారు. కంఠం వెనుక, మెదడు కాండంలో అణువంత ప్రాణం మిగిలి ఉన్నా ఆ వాయువు పెరిగేకొద్దీ ఛాతీ లేచి తీరుతుంది. ఊపిరి కోసం దేహం చేసే ఆరాటానికి మించినది లేదు; నీటిలో మునిగి తేలినవారిని అడిగితే చెబుతారు. అప్పటికీ ఛాతీ కదలకపోతే, మన భాష ప్రకారం ప్రాణం అక్కడ లేదు. యంత్రం పోస్తున్నది గాలి.

మరి గుండె ఎందుకు కొట్టుకుంటుంది? దానికి మెదడు ఆజ్ఞ అక్కరలేదు గనుక. కుడి కర్ణిక గోడలో ఒక చిన్న కణజాలపు ముడి ఉంది. 1907లో కీత్, ఫ్లాక్ అనే ఇద్దరు దాన్ని గుర్తించారు. లయను పుట్టించేది అదే. ప్రాణవాయువు అందుతున్నంతసేపూ గుండె తనకు తానే తాళం వేసుకుంటుంది. ఒంట్లోంచి బయటికి తీసినా కాసేపు వేస్తుంది. మార్పిడి కోసం తీసిన గుండెను చల్లని ద్రావణంతో ఆపివేసి, మంచులో పెట్టి, నాలుగైదు గంటల్లో మరొక ఛాతీకి చేర్చాలి. అక్కడ అది మళ్ళీ మొదలవుతుంది. ఆగిన గుండె మరణం కానప్పుడు, కొట్టుకునే గుండె జీవితమని ఎలా అనగలం?

ఇది మాకు ఇప్పుడు, పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాక తెలిసింది. ఆనాడు ఆ గదిలో ఎవరూ అమ్మమ్మగారికి ఇలా చెప్పలేదు. "మెదడు చచ్చిపోయింది, గుండె మాత్రం కొట్టుకుంటోంది" అన్న వాక్యాన్ని తెలుగు చెవితో వినండి. "మాత్రం" అన్న మాట ఆశ కల్పిస్తుంది. ఎక్కడో ఒక దీపం "మాత్రం" వెలుగుతోందన్నట్టు ఉంటుంది. "ప్రాణం పోయింది, యంత్రం ఆడిస్తున్నందువల్ల గుండె ఇంకా కదులుతోంది" అని చెప్పి ఉంటే ఆవిడ ఏమనేవారో మేము ఊహించలేం. తప్పు ఎవరిదని వెతకడం మా ఉద్దేశం కాదు. అలసిన వైద్యుడు ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులోకి దించి ముందుకు సాగిపోయాడు. కానీ ఒక కుటుంబం తీసుకున్న నిర్ణయంలో సగం బరువును ఒక్క మాట మోసిందని మాత్రం అనగలం.

ఈ సంకోచం మనకొక్కరికే ఉన్నది కాదు. 1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డు ప్రపంచంలో మొదటిసారి ఒక మనిషి గుండెను మరొక మనిషికి అమర్చాడు. ఇచ్చినది డెనిస్ డార్వాల్ అనే పాతికేళ్ళ యువతి; కారు ఢీకొన్న ప్రమాదంలో ఆమె తల్లి అక్కడికక్కడే పోయింది. భార్యనూ కూతురినీ ఒకే రోజు పోగొట్టుకున్న తండ్రి సమ్మతి ఇచ్చాడు. పుచ్చుకున్న లూయీ వాష్కాన్‌స్కీ పద్దెనిమిది రోజులు బతికాడు. మెదడు మరణాన్ని నిర్వచిస్తూ హార్వర్డు సంఘం నివేదిక ఇచ్చింది మరుసటి ఏడు, 1968లో. పని ముందు జరిగింది, మాట వెనుక వచ్చింది. జపానులో అదే 1968లో చేసిన గుండె మార్పిడి, దాత నిజంగా మరణించాడా అన్న అనుమానంతో పెద్ద వివాదమైంది. ఆ తరువాత మళ్ళీ 1999 వరకు ఆ దేశంలో ఒక్క గుండె మార్పిడి కూడా జరగలేదు. సాంకేతికతలో జపాను వెనుకబడిందని ఎవరూ అనరు కదా! మన దేశంలో 1994 జూలైలో మానవ అవయవ మార్పిడి చట్టం వచ్చింది. మెదడు మరణాన్ని మరణంగా గుర్తించింది ఆ చట్టమే. ఆగస్టు 3న ఢిల్లీలోని ఎయిమ్స్‌లో డాక్టర్ పి. వేణుగోపాల్ తొలి గుండె మార్పిడిని విజయవంతంగా చేశారు. ఆయన పుట్టింది రాజమహేంద్రవరంలోనే అని చెప్పినప్పుడు అమ్మమ్మగారు, "మా ఊరివాడేనా!" అని మొదటిసారి కొంచెం నవ్వారు.

కేప్‌టౌన్‌లో జరిగిన రెండవ మార్పిడి గురించి పిల్లలకు తప్పక చెప్పాలి. 1968 జనవరి 2న ఫిలిప్ బ్లైబర్గ్ అనే తెల్లజాతి దంతవైద్యుడికి క్లైవ్ హాప్ట్ అనే యువకుడి గుండె అమర్చారు. ఆ దేశపు చట్టం హాప్ట్‌ను తెల్లవాడు కాదని వర్గీకరించింది. వర్ణవివక్ష రోజులవి, ఆ ఇద్దరూ బతికి ఉండగా ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చోవడానికి వీలు లేదు. బ్లైబర్గ్ ఆ గుండెతో పందొమ్మిది నెలలు బతికాడు. చట్టం దృష్టిలో ఆయన ఆ పందొమ్మిది నెలలూ తెల్లవాడే. గుండెలో మనిషి ఉంటాడని నమ్మే సమాజమైతే ఆ లెక్క చెల్లదు. గుండె ఒట్టి పంపు అని నమ్మితే, మనుషులను అలా విడదీసిన చట్టం ఏ అవయవాన్ని చూసి విడదీసిందో చెప్పవలసి ఉంటుంది. మా అమ్మాయి ఇది విని చాలాసేపు మాట్లాడలేదు.

గుండె పంపు అన్న మాట కూడా పూర్తిగా నిలవదని ఆమెకు మేము చూపించిన సంగతి ఇంకొకటి ఉంది. గుండె తీసేటప్పుడు దానికి వచ్చే నాడులన్నీ తెగిపోతాయి. రక్తనాళాలను కుట్టగలరు, నాడులను కుట్టలేరు. అందువల్ల కొత్త గుండెకు మొదట్లో మెదడుతో నేరుగా సంబంధం ఉండదు. కూర్చున్నప్పుడు కూడా అది నిమిషానికి తొంభై, వంద సార్లు కొట్టుకుంటుంది. భయపెట్టే వార్త వింటే మన గుండె ఒక్క క్షణంలో ఝల్లుమంటుంది. వారి గుండె అలా ఝల్లుమనదు. భయం రక్తంలో కలిసి, నెమ్మదిగా ప్రయాణించి, కొన్ని నిమిషాల తరువాత దాన్ని చేరుతుంది. ఉత్తరం రాస్తే అందినట్టు. ఆ మనిషికి భయం వేయడం లేదా? వేస్తుంది. ప్రేమ తగ్గిందా? తగ్గలేదు. అంటే భయమూ ప్రేమా ఉండే చోటు ఆ కండర ముద్ద కాదు. కానీ వాటిని మనం గుర్తుపట్టేది ఆ ముద్ద కదలికలోనే. గుండె ఝల్లుమనకుండా వచ్చిన భయం ఎలా ఉంటుందో వారినే అడగాలి. హృదయం గుండెలో లేదన్నది నిజమే అయినా, గుండె తలుపు తట్టకుండా హృదయం మనకు కనబడదు.

దీనికి నచికేతుడి కథ చేర్చి మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది; ఆలయంలో ఆదివారపు తరగతిలో విన్నదే. వాజశ్రవసుడు యజ్ఞంలో ఒట్టిపోయిన ఆవులను, ఇక నీళ్ళు తాగలేని, గడ్డి మేయలేని ఆవులను దానం ఇస్తుంటే కొడుకు తట్టుకోలేకపోయాడు. "చనిపోయాక నాకు అక్కరలేని గుండె ఇవ్వడం కూడా అలాంటిదేనా? అయితే అది గొప్ప పని కాదు కదా!" అని ఆమె సందేహం. మేము కాసేపు తడబడ్డాం. తరువాత తోచింది: ఆ ఆవులలోని దోషం ఇచ్చేవాడికి పనికిరాకపోవడం కాదు, పుచ్చుకునేవాడికి పనికిరాకపోవడం. తనకు అక్కరలేనిదే అయినా ఎదుటివాడి ఇంట పాలిచ్చే ఆవును ఇస్తే నచికేతుడు అడ్డం వచ్చేవాడు కాదు. ఇక గొప్పతనం సంగతంటారా, అందులో కొంత తగ్గవలసిందే. దధీచి ఎముకలతో, శ్రీకాళహస్తిలో తన కన్ను పెకలించి శివుడికి పెట్టిన కన్నప్పతో లైసెన్సు మీది గీతను పోల్చడం మాకు నచ్చదు. వారు బతికి ఉండగా, నొప్పి తెలిసి ఇచ్చారు. ఇక్కడ నొప్పి ఇచ్చేవారిది కాదు. ఆ గదిలో నిలబడి తలాడించవలసిన వారిది. డెనిస్ తండ్రిది. మన అమ్మమ్మగారిది.

అందుకే ఆవిడ ప్రశ్నకు మేము చెప్పగలిగింది ఇది. ఇవ్వడం దానమే అయితే, ఇవ్వకపోవడం దొంగతనం కాదు. తనకు రావలసిన బాకీ అడిగినట్టు ఎవరూ ఆ గుమ్మంలో నిలబడలేదు. ఆవేళ ఆవిడ ఎవరి ప్రాణమూ తీయలేదు; తనకు తెలిసిన ఒకే ఒక పరీక్షతో, అరచేతితో, భర్త ఉన్నారో లేరో చూసుకున్నారు. కానీ ఈ మాటతో ఆవిడను ఊరడించి వదిలేస్తే అది సగం నిజమే అవుతుంది. ఎక్కడో ఎవరో ఆ కాలేయం కోసం ఎదురుచూశారు. బాకీ కానిది కూడా అందకపోతే లోటే. ఈ రెండూ ఒకేసారి నిజమని అంగీకరించడం తప్ప మాకు మరో దారి కనబడలేదు. ఆవిడతో అదే చెప్పాం. ఆవిడ తలూపి, "లోటే" అన్నారు.

వెతుకుతూ వెతుకుతూ మేము చేరిన చివరి మాట దోహదం. తెలుగు పత్రికల్లో రోజూ కనబడే మాట: వానలు పంటలకు దోహదం చేశాయి, వ్యాయామం ఆరోగ్యానికి దోహదపడుతుంది. తోడ్పాటు అని అర్థం. పాత అర్థం అది కాదు. దోహదం అంటే గర్భిణికి కలిగే కోరిక, వేవిళ్ళనాటి కోరిక. సుశ్రుతుడు గర్భిణిని దౌహృదిని అన్నాడు. కారణం, నాలుగో నెలకు బిడ్డ గుండె ఏర్పడి, ఆమెలో రెండు హృదయాలు ఉంటాయి. ఆమె పులుపు అడిగితే ఆ కోరిక లోపలి హృదయానిది కూడా. కనుక తీర్చాలి అన్నాడు. ఆ రెండు హృదయాల మాటే ప్రాకృతం నోట అరిగి దోహదమైందని ఒక వివరణ. తరువాత కవులు ఈ మాటను చెట్లకు ఇచ్చారు. స్త్రీ పాదం తాకితే అశోకం పూస్తుందని, ఆ తాకిడి చెట్టుకు దోహదమని కావ్యాలలో ఒక సంప్రదాయం. చెట్టు పూయడానికి కావలసినది అన్న అర్థం నుంచి, ఏ పనికైనా కావలసిన తోడు అన్న అర్థం తెలుగులో స్థిరపడింది. ఒక దేహంలో రెండు గుండెలు ఉండడం అన్న ముచ్చట కాలక్రమాన ఒకరికి ఒకరు సాయపడడం అన్న మాటగా మారింది.

అది కవిత్వంలోనే కాదు. 1974లో అదే బర్నార్డు, రోగి గుండెను తీసివేయకుండా దాని పక్కనే మరొక గుండెను అమర్చాడు. నీరసించిన గుండెకు కొత్త గుండె తోడు నిలిచింది. ఒకే ఛాతీలో రెండు లయలు. సుశ్రుతుడు వింటే ఆ రోగిని ఏమని పిలిచేవాడో!

ఈ మాట కథ విన్నాక అమ్మమ్మగారు, "నా కడుపున మీ అమ్మ ఉన్నప్పుడు నాకూ రెండు ఉండేవన్నమాట" అని మనవరాలితో అన్నారు. "అయితే ఒకటి ఇచ్చేశావుగా, అమ్మమ్మా!" అంది మా అమ్మాయి. దానికి ఆవిడ నవ్వనూ లేదు, కాదననూ లేదు.

ఇక్కడి నిబంధన ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండేవరకు పిల్ల పెట్టిన గీతను తల్లిదండ్రులం కొట్టివేయవచ్చు. ఇంకా ఏడాదిన్నర ఉంది. మేము కొట్టివేయలేదు. మా లైసెన్సుల మీద మాత్రం ఆ గడి ఇన్నేళ్ళుగా ఖాళీగానే ఉందని ఆ అమ్మాయే మాకు చూపించింది.

సెప్టెంబరులో అమ్మమ్మగారు తిరుగు ప్రయాణమయ్యారు. పెట్టె సర్దుకుంటూ, ఆ దరఖాస్తులో ఉన్న ప్రశ్నకు నీ జవాబు తెలుగులో రాసి ఇమ్మని మనవరాలిని అడిగారు. ఆదివారపు తరగతిలో నేర్చిన అక్షరాలతో ఆ పిల్ల కాగితం మీద రాసింది: నా ప్రాణం పోయాక నా గుండె ఇంకొకరికి దోహధం. క్రియాపదం లేదు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, కలం అడిగి, ధకారం కింది వత్తును ఒక్కదాన్నీ కొట్టివేసి, కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకున్నారు.